మా ఆయన అడవిలో కప్పు తట్టిన సాయంత్రం

సంచులు ఇంకా గది మధ్యలోనే ఉన్నాయి. చిన్నోడి బూటు ఒకటి విప్పి, రెండోదాని ముడి విప్పుతున్నాను. మా ఆయన మంచమెక్కి నిలబడి, ఎడమ అరచేయి గది కప్పుకు ఆనించి, కుడిచేతిలోని కట్టెతో రెండుసార్లు తట్టాడు. తల పక్కకు వంచి విన్నాడు. ఇంకోచోట తట్టాడు. మళ్ళీ విన్నాడు. పెళ్లయిన ఏడేళ్లలో ఎన్నడూ చూడని ఒక నిదానం ఆయన ముఖంలోకి వచ్చింది. చేతిలో చిన్నోడి బూటు పట్టుకొని ఉన్న నాకు సరిగ్గా అప్పుడే తెలిసింది, ప్రమాదం మా గదిలోనే ఉందని. అడవికి రావడానికి నెల రోజుల ముందు నుంచి నేను రాబోయే ప్రమాదాలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. పులి ఉంది, ఎలుగుబంటి ఉంది, కట్లపాము, కందిరీగలు, కలుషితమైన నీళ్లు, చిన్నోడు గుర్తుతెలియని కాయ తినడం, అన్నీ ఉన్నాయి. కప్పు మాత్రం లేదు.

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకు ఇంకా అంత వయసు రాలేదు. ఇది జరిగి ఐదేళ్లే అయింది. కానీ ఆరేళ్ల కూతురు, మూడేళ్ల కొడుకు ఉన్న ఇరవై ఏడేళ్ల నేను అప్పుడు ఎంత గట్టిగా భయపడేదాన్నో తలుచుకుంటే, ఆమె వేరే ఊరి అమ్మాయేమో అనిపిస్తుంది. కాబట్టి ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో నేను ద్రాక్షపండును నాలుగు ముక్కలు చేసి గాని పిల్లల నోట్లో పెట్టేదాన్ని కాదు. ఫ్యాను రెక్క ఊడి పడితే ఎటు పడుతుందో లెక్కేసి మంచాన్ని ఆ వైపు నుంచి జరిపేదాన్ని (రెక్క ఎటైనా పడవచ్చు కాబట్టి మంచం ఇల్లంతా తిరిగేది). మాది గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ క్వార్టరు. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగగానే నేను అటక మీది గిన్నెలన్నీ కిందికి దించేదాన్ని. "ఇరవై ఏండ్ల సంది గవి గాడనే ఉన్నయి బిడ్డ. ఒక్కటన్న పడలే. నువ్వు దించుడు మొదలువెట్టినంక రెండు సొట్టబడ్డయి" అనేది మా అత్తమ్మ, గోడకు ఆనుకొని కూర్చొని చిక్కుళ్లు ఒలుస్తూ.

నా చదువు కూడా ఈ విషయంలో నాకు మేలు చేయలేదు. పెద్దపల్లిలో బీఎస్సీ చదివాను, జువాలజీ ఒక సబ్జెక్టు. ఎలుగుబంటి శాస్త్రీయ నామం ఒక్క అక్షరం తప్పు పోకుండా రాయగలను. అది ఎదురొస్తే ఏం చేయాలో మాత్రం ఆ మూడేళ్లలో ఎవరూ చెప్పలేదు.

మా ఆయనది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన భూగర్భ గనిలో సర్దారు, అంటే ఆ షిఫ్టులో పనిచేసే వాళ్ల క్షేమం చూసే మనిషి. పులి పేరు చెప్తే ఆవలించేవాడు. ఆయనకు ప్రపంచంలో ఒకటే భయం, నెత్తి మీద ఉండే కప్పు. గనిలో పనిచోటుకు వెళ్లగానే ముందు కప్పు తట్టి చూడటం ఆయన డ్యూటీ. ఒక అరచేయి బండకు ఆనించి, కట్టెతో తట్టాలి. గట్టి బండ అయితే ఖంగుమని మోగుతుంది, చేతికి ఏమీ తెలియదు. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది, అరచేతికి సన్నటి వణుకు తగులుతుంది. అప్పుడు మనుషులందరినీ వెనక్కి పంపి, దారికి రెండు కట్టెలు అడ్డం కట్టి, కింద ఆధారాలు నిలబెట్టేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వకూడదు. మంచి పద్ధతే. ఆ పద్ధతి వల్ల ఎంతమంది సాయంత్రానికి ఇంటికి వచ్చారో నాకు తెలుసు కాబట్టి దాన్ని ఎగతాళి చేయను. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పదేళ్ల సర్వీసులో అది ఆయన చేతుల్లోకి ఇంకిపోయింది. ఏ కొత్త కప్పు కిందికి వెళ్లినా తట్టి చూడందే నిద్రపోడు. ఫంక్షన్ హాలులో తట్టాడు. దవాఖానలో నా కాన్పు గదిలో సెలైన్ స్టాండుతో తట్టాడు. పెళ్లయిన కొత్తలో మా పుట్టింటికి వచ్చిన మొదటి రోజే గొడుగు పట్టుకొని గదిగదికీ తిరిగి తట్టాడు. బడిపంతులైన మా నాయిన వంటింట్లోకి వచ్చి మెల్లగా, "అల్లుడు మన ఇల్లు కొంటడా ఏంది?" అని అడిగాడు.

ఇలాంటి మేమిద్దరం అడవికి వెళ్లడానికి కారణం మా పెద్దది. పక్క క్వార్టరు పిల్ల జన్నారం వైపు కవ్వాల్ అడవికి వెళ్లి అడవిదున్నను చూసి వచ్చింది. అది ఎంత ఎత్తుందో చూపడానికి గోడ మీద చాక్‌పీసుతో గీత కూడా గీసింది, స్టూలు ఎక్కి. అప్పటినుంచి మా పెద్దదానికి అన్నం తిన్నా అదే, స్నానం చేసినా అదే. "టీవీల చూడరాదా" అంటే, "టీవీల చిన్నగున్నది" అనేది. "జూకు పోదాం" అంటే, "అది జైలు" అనేది. ఒకరోజు స్కూలు బ్యాగు దించి నా ముందు కూర్చొని చాలా ఓపికగా, "అమ్మా, దున్న మన కాలనీకి రాదు గదా. మరి మనమే పోవాలె గదా" అంది. ఇందులో తప్పు ఎక్కడుందో నాకు దొరకలేదు. చివరికి ఒప్పుకున్నాను, కానీ ఒక షరతు పెట్టాను. సాయంత్రానికి అక్కడికి చేరి, రాత్రి పడుకొని, తెల్లారి ఆరింటికి సఫారీ బండి ఎక్కుతాం. ఈలోపల ఒక్క తేడా వచ్చినా సఫారీ లేదు గిఫారీ లేదు, తెల్లారగానే ఇంటికి. ఎవరూ ఏడవొద్దు, ఎవరూ బతిమాలొద్దు. పెద్దది నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. ఆరేళ్ల పిల్ల చేత అలాంటి ఒట్టు వేయించుకున్న తల్లిని ఇప్పుడు తలుచుకుంటే నాకే కోపం వస్తుంది గాని, అప్పుడు మాత్రం చాలా న్యాయమైన ఒప్పందం చేసుకున్నానని సంతోషించాను.

ఇక నా బ్యాగు సంగతి. జ్వరానికి, వాంతులకు, కురుపులకు మందులు, దోమల మందు, రెండు టార్చిలైట్లు, ఒక ఈల, దూది, కట్టు గుడ్డ, పావుకిలో కారంపొడి (ఎలుగుబంటికి). "పులే గనక వచ్చిందంటె, నీ బ్యాగు జూసి ఈమె నాకన్న ఎక్కువ రోజులు ఉండేటట్టున్నదని వాపసు పోతది" అంది అత్తమ్మ. ఆమె మాత్రం ఒక గిన్నె నిండా బియ్యప్పిండి సర్వప్పలు కాల్చి, పైన బట్ట చుట్టి ఒళ్లో పెట్టుకొని బస్సెక్కింది. బస్సులో మంచిర్యాల దాటాక నేను మా ఆయన చెవిలో, "బావా, నిజంగ పులి వస్తే ఏం జేద్దాం?" అని అడిగాను. ఆయన కిటికీలోంచి చూస్తూనే, "పులి మీద పడితె పక్కకు జరగొచ్చు. బండ పడితె జరగరాదు" అన్నాడు. ఆ మాటకు నేను ఏడవాలో నవ్వాలో తెలియక, చిన్నోడికి ఒక స్వెటర్ మీద ఇంకో స్వెటర్ తొడిగాను.

జన్నారంలో దిగి ఆటో మాట్లాడుకొని విడిదికి చేరేసరికి ఐదు దాటింది. అడవి అంచున నాలుగైదు పెంకుల గదులు, మధ్యలో వాకిలి, వాకిట్లో ఒక పొడవాటి సిమెంటు బల్ల. చుట్టూ టేకు చెట్లు. ఆ రోజు మిగతా గదులన్నీ ఖాళీ. అక్కడి కాపలా మనిషి, అరవై దాటిన కాక, మాకు తాళం ఇచ్చి, "అన్నం దెచ్చేటాల్లకు చీకటి వడ్తది" అని చెప్పి సైకిల్ మీద ఊళ్లోకి వెళ్లాడు. ఆటో వెళ్లిపోయింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఇవన్నీ నేను ఒక్కొక్కటిగా గమనించి మనసులో పెట్టుకుంటూ ఉండగానే మా ఆయన గది మూలన ఉన్న బూజుకట్టె తీసుకొని మంచం ఎక్కాడు.

తట్టాడు, డొల్లగా మోగింది. అటు తట్టాడు, అటు కూడా డొల్లే. మూడోసారి తట్టేసరికి పైనుంచి ధబ్‌మని చప్పుడు, ఆ తరువాత ఏదో బరువైనది ఈ మూల నుంచి ఆ మూలకు జరిగినట్టు ఒక గరగర. సందులోంచి సన్నగా మట్టి రాలి ఆయన కళ్లజోడు మీద పడింది. ఆయన అరచేయి తీయలేదు. "కదులుతున్నది" అన్నాడు నెమ్మదిగా. ఇంట్లో కూర బాగలేదనే గొంతు కాదది. కిందికి దిగి, కట్టె గోడకు ఆనించి, "ఎవ్వరు ఆగమాగం గావద్దు. నువ్వు చిన్నోన్ని ఎత్తుకో. అవ్వా, లే. బిడ్డా, నా చెయ్యి వట్టు. అందరు బయటికి నడువుండ్రి" అన్నాడు.

"సామాను?" అన్నాను.

"సామాను ఉండనియ్. ముందు మనిషి."

"నా సర్వప్ప గిన్నె ఇస్తవా లేదా?" అంది అత్తమ్మ.

"సర్వప్ప గూడ సామానే అవ్వా. నడువు."

వాకిట్లోకి వచ్చాక మా అందరినీ వేలు పెట్టి లెక్కబెట్టాడు. తరువాత రెండు వెదురు కట్టెలు వెతికి తెచ్చి, గది గుమ్మానికి అడ్డంగా గుణకారం గుర్తులా కట్టి, వాటి నడుమ తన ఎర్ర తువ్వాల వేలాడదీశాడు. ఒక అడుగు వెనక్కి వేసి చూసుకొని, తువ్వాల కొంచెం సరిచేశాడు. "ఇగ కింద ఆధారం వెట్టకుంట ఎవ్వరు లోపలికి పోవద్దు. నేను గూడ పోను" అన్నాడు. మా ఆయనను అంత అందంగా నేను పెళ్లిలో కూడా చూడలేదు. ఆ సంతోషం అర నిమిషం ఉంది. ఆ అర నిమిషం తరువాత నా చదువు నాకు గుర్తొచ్చింది. మేము ఐదుగురం, అందులో ఇద్దరు పసిపిల్లలు, పొద్దు గూకే వేళ, పులులు తిరిగే అడవి అంచున, ఆరుబయట నిలబడి ఉన్నాం. తాళం తీసి ఉన్న ఒకే ఒక్క గదికి మేమే అడ్డం కట్టుకున్నాం. కారంపొడి, ఈల, రెండు టార్చిలైట్లు, నా బ్యాగంతా, ఆ అడ్డం అవతల ఉన్నాయి.

"బావా, లోపలికి పోదాం" అన్నాను.

"బండ కదులుతున్నది."

"ఇక్కడ పులి ఉన్నది."

"చూసినవా?"

"చూసేదాక ఉంటమా?"

"మరి నేను బండ కదులుడు చేతితోని చూసిన. చూసినదాన్ని ఇడిసివెట్టి చూడనిదానికి భయపడుమంటవా?"

ఆయన వాదన గనిలో అయితే సరైనదే. నేను నా దగ్గర ఉన్న శాస్త్రం తీశాను. పులి సంధ్యవేళ బయటికి వస్తుందనీ, ఎప్పుడూ వెనక నుంచి వస్తుందనీ, అందులోనూ గుంపులో చిన్నవాటిని ఎంచుకుంటుందనీ అందరికీ వివరంగా చెప్పాను. (పెద్దది నోరు తెరుచుకొని వింటున్నది. అది నేను చూశాను, అయినా ఆపలేదు. పాఠం గుర్తుండటం చూసి నాకే ముచ్చటేసింది.) అందుకని అందరం ఆ సిమెంటు బల్ల మీద ఒకరి వీపుకు ఒకరు ఆనుకొని, నాలుగు దిక్కులా చూస్తూ కూర్చోవాలన్నాను. కూర్చున్నాం. ఉత్తరం దిక్కు మా ఆయన, కానీ ఆయన చూపు గది కప్పు మీదే. దక్షిణం నేను. తూర్పు అత్తమ్మ. పడమర పెద్దది. నడుమ నా ఒళ్లో రెండు స్వెటర్ల చిన్నోడు, ఒక కాలికే బూటుతో.

టేకు ఆకు ఎండి రాలడం మీరెప్పుడైనా విన్నారో లేదో. విస్తరాకంత ఆకు అది. కొమ్మలకు తగులుతూ దిగి, నేల మీది ఎండాకుల్లో పడేసరికి ఎవరో కాలు మోపినట్టే ఉంటుంది. నిమిషానికొకటి రాలుతున్నది. రాలినప్పుడల్లా నేను చిన్నోడిని బిగించి పట్టుకుంటున్నాను, వాడు "అమ్మా, ఊపిరి" అంటున్నాడు. ఇంతలో చాలా దగ్గర నుంచి, గొంతు లోపల్నుంచి వచ్చినట్టు ఒక గుర్రుమనే చప్పుడు. "విన్నరా?" అన్నాను గుసగుసగా. మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా పొడవుగా.

"అది నా కడుపు" అంది అత్తమ్మ. "పొద్దున పదింటికి తిన్న. సర్వప్పలు లోపట, నేను బయట. పులి ఇప్పుడొచ్చినా దానికి నేనే ఎదురుపోయి గింత పెట్టుమని అడుగుత."

మా ఆయన నవ్వాపుకోవడం నా వీపుకు తెలిసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పుడు నా కుడి మోచేతి కింద నుంచి పెద్దదాని గొంతు వినిపించింది. ఆ పిల్ల అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"అమ్మా, ఇంటికి పోదాం. నాకు దున్న వద్దు."

"ఎందుకు బిడ్డా?"

"వద్దు. దాన్ని చూస్తాంటె వెనకనుంచి వస్తది."

ఏది వస్తుందో చెప్పలేదు. నేనూ అడగలేదు. నేను కోరుకున్నది అదే కదా. షరతు ప్రకారం తేడా వచ్చింది, సఫారీ లేదు, ఏడుపు లేదు, బతిమాలడం లేదు, పిల్ల తనంతట తానే వద్దంటున్నది. తిరిగి చూశాను. పడమటి దిక్కు కాపలా కాయమన్నాను కదా, చెట్ల మీద ఆకాశం ఎర్రగా, ఎంతో బాగుంది, పిల్ల మాత్రం రెండు కళ్లూ గట్టిగా మూసుకొని కూర్చుంది. మూడు నెలలు ఆ పిల్ల దున్న దున్న అంటూ తిరిగింది. ఆ కోరిక పోగొట్టడానికి నాకు పావుగంట పట్టింది. ఆ బల్ల మీద నాకు మొదటిసారి పులి గురించి కాకుండా వేరే భయం వేసింది. ఈ పిల్ల రేపు ఏ కొత్తచోటికి వెళ్లినా ఇలాగే కళ్లు మూసుకుంటుందేమో, దానికి నేర్పింది నేనే కదా అని.

ఇంతలో సైకిల్ గంట వినిపించింది. కాక వచ్చాడు, హ్యాండిలుకు అన్నం టిఫిను, చేతిలో టార్చి. ముందు మా మీద వేశాడు, తరువాత గుమ్మం మీద వేశాడు, మళ్ళీ మా మీద వేశాడు.

"ఏంది సారు, నలుగురు నాలుగు దిక్కుల జూసుకుంట కూసున్నరు. కొట్లాడుకున్నరా?"

"కాకా, ఆ గదిలకు పోవద్దు. కప్పు మంచిగ లేదు" అని మా ఆయన లేచి, చాలా మర్యాదగా, గనిలో కొత్తగా చేరినవాళ్లకు చెప్పినట్టు అంతా చెప్పాడు. అరచేయి ఎట్ల ఆనించాలె, ఎట్ల తట్టాలె, ఖంగుమంటే ఏంది, డొల్లగ మోగితే ఏంది. కాక కూడా అంతే మర్యాదగా చివరిదాకా విన్నాడు.

"సారు, అది బండ గాదు. ఉత్త ప్లైవుడు షీటు. దాని మీద ఖాళీ. ఖాళీ మీద పెంకలు. డొల్ల మోగక గుడి గంట మోగుతదా?"

మా ఆయన తన అరచేయి తిప్పి చూసుకున్నాడు. "మరి కదిలింది గద. నా చేతికి దెలిసింది" అన్నాడు చివరికి.

"కదుల్తది. మానుపిల్లి ఈనింది గాడ." (మానుపిల్లి అంటే చెట్ల మీద తిరిగే, పొడవు తోక ఉండే నల్లటి అడవి జంతువు. దీని శాస్త్రీయ నామం కూడా నాకు వచ్చు, ఆ పూట అడగలేదు ఎవరూ.) "పది దినాలాయె. రెండో మూడో పిల్లలున్నయి. మీరు దాని ఇంటి కిందికెల్లి కట్టెతోని పొడ్సుకుంట పోతిరి. అది లోపట ఏమనుకున్నదో ఏమో." టార్చి ఆర్పేసి, "సప్పుడు జెయ్యకుంట ఆ పెంకల అంచు చూడుండ్రి. గిప్పుడది ఉండదు. ఇల్లు మారుస్తది" అన్నాడు.

చప్పుడు చేయకుండా ఉండటం మా పిల్లలకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. నాయిన నైటు షిఫ్టు చేసి వచ్చి పగలంతా పడుకునే ఇంట్లో పెరిగారు. పలక కింద పెట్టేటప్పుడు కూడా గుడ్డ పరిచి పెడతారు. ఐదుగురం, కాకతో ఆరుగురం, ఊపిరి తీసుకున్నది కూడా తెలియకుండా నిలబడ్డాం. పెద్దది నా వెనక నిలబడి, నా నడుము దగ్గర నుంచి ఒక కన్ను మాత్రం బయటపెట్టింది.

చాలాసేపటికి, అప్పుడే వచ్చిన వెన్నెల్లో, పెంకుల అంచు కింది సందులోంచి ఒక ముక్కు వచ్చింది. అటూ ఇటూ చూసి లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది, ఈసారి నోట్లో గుప్పెడంత పిల్ల ఉంది, కాళ్లు వేలాడేసుకొని. అది దూలం మీద నుంచి, గోడ మీద నుంచి, గదికి ఆనుకొని ఉన్న చెట్టు మీదికి పోయింది. కొమ్మ ఊగింది. వంద లెక్కపెట్టేలోపు ఉత్త నోటితో తిరిగొచ్చింది. రెండోదాన్ని తీసుకుపోయింది. మా మీదుగా వెళ్తూ ఒక్కసారి ఆగి కిందికి చూసింది. మమ్మల్ని చూసింది, నిజంగానే చూసింది, కానీ ఆగలేదు.

"ఎన్నిసార్లొస్తది?" అని పెద్దది గుసగుసగా అడిగింది. ఆ పిల్ల ఎప్పుడు నా వెనక నుంచి ముందుకు వచ్చిందో నాకు తెలియదు.

"పిల్లలెన్నుంటె గన్నిసార్లు" అన్నాడు కాక.

మూడోసారి కూడా వచ్చింది. అది చెట్టెక్కి కనబడకుండా పోయాక చిన్నోడు నా చెవిలో అడిగాడు. "అమ్మా, దానికి బ్యాగు లేదా?"

ఈసారి అత్తమ్మ నవ్వు ఆపుకోలేదు. మా ఆయన వెళ్లి తువ్వాల విప్పాడు. కట్టెలు తీసి, గుమ్మం ముందు ఒక నిమిషం నిలబడి, "దానికి అది నేల. నేను దాని నేలను కొట్టిన" అన్నాడు తనలో తాను. సర్వప్పలు చల్లారిపోయి గట్టిపడ్డాయి. అయినా ఆ రోజు తిన్నంత రుచిగా నేను మళ్ళీ తినలేదు. (పడుకునే ముందు ఆయన ఆ వెదురు కట్టెల్లో ఒకటి తెచ్చి, మంచం పక్కన నేలకూ ప్లైవుడుకూ నడుమ నిలబెట్టాడు. "ఎందుకు?" అంటే "నిద్ర వడ్తది" అన్నాడు. నేను కూడా కారంపొడి పొట్లం తలగడ కింద పెట్టుకున్నాను.)

తెల్లారి ఆరింటికి బండి వచ్చింది. పైన కప్పు లేని జీపు. మా ఆయన దాన్ని చూసి ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. అత్తమ్మ డ్రైవరు పక్క సీటు ఎవరికీ దక్కనివ్వకుండా ముందే ఎక్కి కూర్చుంది. చలికి అందరి నోళ్లలోంచి పొగ వస్తున్నది. పెద్దది మాత్రం వరండా స్తంభం పట్టుకొని అక్కడే నిలబడింది. రాత్రి మానుపిల్లిని చూసిన ధైర్యం నిద్రలో సగం జారిపోయినట్టుంది. జీపు వైపు చూస్తుంది, చెట్ల వైపు చూస్తుంది, చివరికి నా ముఖం వైపు చూస్తుంది. పోవాలో వద్దో అక్కడ రాసి ఉన్నట్టు.

ఆ పొద్దున ఏమైందో మా ఇంట్లో అందరూ తలా ఒక రకంగా చెప్తారు. దున్నలు దూరంగా, మంచులో, ఏడని అత్తమ్మ అంటుంది, తొమ్మిదని పెద్దది అంటుంది. పులి కనబడలేదు. పాదం గుర్తు ఒకటి డ్రైవరు చూపించాడు గాని, నేను అప్పుడు కళ్లు మూసుకొని ఉన్నాను. ఆ తరువాత మేము ఇంకా రెండు మూడు అడవులు తిరిగాం, బ్యాగు ప్రతిసారీ కొంచెం తేలికవుతూ వచ్చింది (ఖాళీ అయిందని అనుకోవద్దు). ఇప్పుడు పెద్దది పదకొండేళ్లది, నేను చెప్పకుండానే సంచి సర్దుకుంటుంది, నేనేదైనా అనబోతే "అమ్మా, తెల్సు" అంటుంది. ఆ 'తెల్సు' విన్నప్పుడల్లా, వరండాలో రెండు స్వెటర్ల పిల్లాడిని చంకనేసుకొని, రాత్రంతా తలగడ కింద దాచిన కారంపొడితో కళ్లు మండుతూ నిలబడ్డ ఆ ఇరవై ఏడేళ్ల అమ్మాయి గుర్తొస్తుంది. దగ్గరికెళ్లి ఆమె భుజం తట్టాలనిపిస్తుంది. ఆమె మాత్రం గట్టిగా అరిచి ఉండేది.

ఆ పొద్దున, జీపు ఎక్కకముందు, షరతు ప్రకారం నేను ఇంటికి పోదామని అనవచ్చు. ఎవరూ కాదనేవాళ్లు కాదు. మా ఆయన కూడా జీపు దగ్గర నిలబడి నా కోసమే చూస్తున్నాడు. నేను వరండా మెట్టు మీద కూర్చొని, పెద్దదాన్ని, చిన్నోడిని ముందర నిలబెట్టుకొని చెప్పాను.

"నిన్న అమ్మ మస్తు భయపడ్డది, మీరు చూసిన్రు గద. ఇయ్యాల గూడ భయపడ్త. అది ఆగేది గాదు. కాని అది నా పని, మీ పని గాదు. మీ ఇద్దరి వంతు గూడ కలిపి నేనే భయపడ్త. మీరు కండ్లు తెర్సుకొని మంచిగ చూసి, నేను కండ్లు మూసుకున్నప్పుడు ఏమేం గనవడ్డయో నాకు చెప్పాలె. ఎక్కుండ్రి ఇగ, బండాయన చూస్తున్నడు."